ఆరిన కర్రకే విలువ: అమెరికా క్యూ కర్రల కలప బేరం

ఎబొనీ, కోకోబోలో, రోజ్‌వుడ్ వంటి మేలిరకం కలపలో చిన్న ముక్కల బేరం ఒకటి ఉన్నది. ఇందులో లారీ లోడ్ల లెక్క లేదు, దుంగల వేలం పాట లేదు. అమెరికాలో పూల్ ఆటగాళ్లకు ఆర్డరు మీద ఒక్కొక్కటిగా క్యూ కర్రలు చేసి ఇచ్చే పనివారు ఈ సరుకుకు ఖరీదుదార్లు. వారు కొనే పరిమాణం స్వల్పమే. అయినా నాణ్యం విషయంలో ఇంత పట్టుదల గల ఖరీదుదార్లు కలప వర్తకంలో అరుదు.

రంగు చూసి, తూకం వేసి కొన్నవారు ఈ బేరంలో తరచు దెబ్బ తింటారు. నిగనిగలాడే నల్లని ముక్క ఆరు నెలలకు బీట తీయవచ్చు. బీట తీయని ముక్క క్యూ అయిన తరువాత వంకర పోవచ్చు. వంకర పోనిది కాగితాలు లేక రేవులో నిలిచిపోవచ్చు. వంకర క్యూను ఆటగాడు తిప్పి పంపితే పోయేది కలప ఖరీదు ఒక్కటే కాదు. దాని మీద పనివాడు పెట్టిన కాలమంతా పోతుంది. అందువల్ల అనుభవం గల క్యూ పనివాడు ముక్కను అందం కోసం ఏరుకునే ముందు అది ఏ ఏటి కోత, ఎన్నాళ్లు ఆరింది, ఎక్కడి నుంచి వచ్చింది అని అడుగుతాడు.

ఘనపుటడుగుకు 42 ముక్కలు

పూల్ క్యూ పొడవు సాధారణంగా 58 అంగుళాలు. విడదీసి సంచిలో పెట్టుకునే వీలుగా దానిని 29 అంగుళాల చొప్పున రెండు భాగాలుగా చేస్తారు. బంతి వైపు ఉండే సన్నని కొసను షాఫ్ట్ అంటారు. చేత పట్టే లావుపాటి మొదలును బట్ అంటారు. షాఫ్టుకు ఉత్తర అమెరికాలో పెరిగే గట్టి మేపుల్ కర్ర వాడుక. 2016 తరువాత కార్బన్ ఫైబర్ షాఫ్టులు విరివిగా వచ్చి ఈ మేపుల్ గిరాకీలో కొంత భాగాన్ని లాక్కున్నాయి. మొదలు మాత్రం నేటికీ కర్రదే. విదేశీ కలప బేరమంతా ఈ మొదలు చుట్టూనే తిరుగుతుంది.

మొదలు సైతం ఏకఖండం కాదు. జాయింటు నుంచి పట్టు వరకు ఉండే పైభాగం ఒకటి, దారమో తోలో చుట్టే పట్టు ఒకటి, అన్నిటికన్న కింద ఉండే అడుగు ముక్క ఒకటి. ఆటగాడి కంటికి ఆనేది పైభాగం. మేలిరకం ముక్కలకు ధర పలికేది ఇక్కడే. పట్టు చుట్టు కింద దాగిపోతుంది గనుక అక్కడ తిన్నని మేపుల్ ముక్క వేసి ఖర్చు తగ్గించుకునేవారు ఎక్కువ.

వర్తకులు అమ్మే ముక్క సాధారణంగా ఒకటిన్నర అంగుళాల చదరం, 18 అంగుళాల పొడవు. అంటే 40.5 ఘనపు అంగుళాలు. ఘనపుటడుగుకు 1,728 ఘనపు అంగుళాలు గనుక రంపపు తరుగు లెక్కించకుంటే 42 ముక్కలు దిగాలి. ఆచరణలో చాలా తక్కువ దిగుతాయి. దుంగ నడిబొడ్డు పనికిరాదు. అక్కడి కర్ర ఆరేకొద్దీ చీలుతుంది. చేవ చుట్టూ ఉండే తెల్లకర్రను చాలామంది తీసివేస్తారు. నార ఏటవాలుగా పోయిన ముక్కను, ముడి ఉన్న ముక్కను పక్కన పెట్టవలసిందే.

ఇక తరిమెన పట్టిన తరువాత మిగిలేది మరీ తక్కువ. ఈ చదరపు ముక్కలో 12 అంగుళాల పొడవుకు 27 ఘనపు అంగుళాల కర్ర ఉంటుంది. దాని నుంచి సగటున 0.95 అంగుళాల మందం గల గుండ్రని పైభాగం తీస్తే నిలిచేది ఎనిమిదిన్నర ఘనపు అంగుళాలు. మూడింట రెండు వంతులకు పైగా పొట్టుగా రాలిపోతుంది. ఎబొనీ పొట్టుకు మార్కెట్టు లేదు.

బరువు పట్టీ

రంగు గురించి మాట్లాడే ముందు బరువు తేల్చుకోవడం ఈ పనిలో ఆచారం. ఆటగాళ్లు కోరే క్యూలు 18 నుంచి 21 ఔన్సుల మధ్య ఉంటాయి. 19 ఔన్సుల చుట్టూ ఆర్డర్లు ఎక్కువ. 19 ఔన్సులంటే సుమారు 540 గ్రాములు. ఇందులో మేపుల్ షాఫ్టు నాలుగు ఔన్సుల మేర తీసుకుంటుంది. మిగిలిన 15 ఔన్సులలో, అంటే 425 గ్రాములలో, మొదలు కర్రతో పాటు జాయింటు ఉక్కు, మర, అడుగున రబ్బరు, చుట్టిన దారం అన్నీ ఇమడాలి.

ఆరిన స్థితిలో గట్టి మేపుల్ ఘనపు మీటరుకు సుమారు 705 కిలోలు తూగుతుంది. ఇండియన్ రోజ్‌వుడ్ 830, పర్పుల్‌హార్ట్ 905, ఆఫ్రికా ఎబొనీ 955, కోకోబోలో 1,095, స్నేక్‌వుడ్ 1,210. చివరి రెండూ నీటిలో మునుగుతాయి. 29 అంగుళాల మొదలుకు సుమారు 410 ఘన సెంటీమీటర్ల కర్ర పడుతుంది. అంతా మేపుల్‌తో చేస్తే 290 గ్రాములు. రోజ్‌వుడ్ అయితే 340, ఎబొనీ అయితే 390, కోకోబోలో అయితే 450, స్నేక్‌వుడ్ అయితే దాదాపు 500. ఇనుము సంగతి ఇంకా చేర్చలేదు.

కోకోబోలో మొదలు కావాలని ముచ్చటపడి వచ్చిన ఖాతాదారుకు పనివాడు మొదట చూపించేది ఈ లెక్కే. ఎబొనీ వరకు ఎలాగో సర్దుకోవచ్చు; ఆ పైన కర్ర ఒక్కటే హద్దు దాటిపోతుంది. దీనికి కనిపెట్టిన ఉపాయం ముక్క మధ్యలో నిలువునా తొలిచి, లోపల తిన్నని మేపుల్ కడ్డీని జిగురుతో దింపడం. పైన కోకోబోలో గొట్టం, లోన మేపుల్ వెన్ను. బరువు దిగుతుంది, కర్ర మెలి తిరిగే ప్రమాదమూ తగ్గుతుంది. అయితే తొలిచిన ముక్కలో మిగిలేది పలుచని గోడ. ఆ గోడలో సన్నని నెరియ ఉన్నా ముక్క దండగ. అందుచేత తొలిచే పనివారు అమ్మకందారును మరీ పీడిస్తారని, పది ముక్కలు తెప్పించుకుని ఏడు తిప్పి పంపినా ఆశ్చర్యపడనక్కరలేదని ఈ బేరంలో తలపండినవారు అంటూ ఉంటారు.

బరువు తరువాత పరీక్ష మోత. కొలత ప్రకారం తీసిన కడ్డీని రెండు వేళ్లతో వదులుగా పట్టి తట్టినా, గచ్చు మీద నిలువునా వదిలినా ఖణేలుమనాలి. బొద్దుగా పలికితే లోపల పగులు ఉన్నదనో, పచ్చిదనం పోలేదనో అనుమానం. కుండను తట్టి కొనడం ఎరిగినవారికి ఇది కొత్త విద్య కాదు.

నీటికి ఎబొనీ ధర

ఎబొనీ, స్నేక్‌వుడ్ వంటి విలువైన కలపను ఘనపుటడుగుల్లో గాక తూకం మీద అమ్మడం పాత వాడుక. నష్టం దాగి ఉన్నది ఇక్కడే. పచ్చి ముక్క చివరల నుంచి గబగబా ఆరితే బీటలు వారుతుంది గనుక ఉష్ణదేశాల నుంచి వచ్చే ముక్కలకు చివరలకో, మొత్తానికో మైనం పూసి పంపుతారు. మైనం పూయడం మోసం కాదు, అవసరమే. కాని మైనం కింద ఎంత నీరున్నదో కంటికి తెలియదు. తూకంలో మాత్రం అది కర్రతో సమానంగా ధర పలుకుతుంది.

ఉదాహరణకు 24 శాతం తేమ గల ఎబొనీ ముక్క 740 గ్రాములు తూగిందనుకుందాం. అమెరికాలో వేడి చేసిన ఇళ్లలో నిలవాలంటే కర్ర 6 నుంచి 8 శాతం తేమకు దిగాలి. 8 శాతానికి దిగేసరికి అదే ముక్క సుమారు 645 గ్రాములు తూగుతుంది. పోయిన 95 గ్రాములు నీరు. వందకు 13 వంతుల సొమ్ము గాలిలో కలిసినట్టే. ముక్క చెక్కు చెదరకుండా ఆరితే నష్టం ఇంతటితో సరి. బీట తీస్తే మిగిలిన 87 వంతులూ దాని వెంట పోతాయి. ఎబొనీ చివరల నుంచి చీలడంలో పేరుపడిన కర్ర.

అంగుళం మందానికి ఏడాది ఆరబెట్టాలన్నది వడ్రంగుల పాత లెక్క. చేవ బిగువుగా ఉన్న ఉష్ణదేశపు కలపకు ఆ లెక్క చాలదు. బట్టీలో పెట్టి తొందరపెడితే పైపొర ఆరి బిగుసుకుంటుంది, లోపలి తడి బయటికి రాలేక కర్ర కడుపులో చీలుతుంది. కాబట్టి నమ్మకమైన పద్ధతి ఒకటే: ముక్కను కొన్న రోజున తూచి, తూకమూ తేదీ దాని మీదనే రాసి, నీడన గాలి ఆడేచోట పెట్టి, నెలకొకసారి మళ్లీ తూచడం. వరుసగా కొన్ని నెలలు తూకం మారకుండా నిలిస్తే అది ఆరిన కర్ర. తేమ కొలిచే మీటర్లు ఉన్నాయి గాని, ఎబొనీ వంటి బరువు కర్రలో వాటి అంకెను గుడ్డిగా నమ్మడానికి లేదు. త్రాసు అబద్ధమాడదు.

ఇదంతా పెట్టుబడిని నిలవబెట్టుకోవడమేనని వర్తకుడికి వెంటనే తట్టాలి. నేడు కొన్న పచ్చి సరుకు మూడు నాలుగేళ్ల తరువాత గాని అమ్మకానికి రాదు. వడ్డీ, గోదాము, బీటల తరుగు కలుపుకుంటే ఆరిన ముక్క ధర పచ్చి ముక్క ధరకు ఎన్నో రెట్లు ఉండడంలో వింత లేదు. ఆ తేడాను చూసి కళ్లు చెదిరి పచ్చి సరుకు కొనేవారే ఎక్కువగా చేతులు కాల్చుకుంటున్నారు.

తరిమెన మీద ఏళ్లు

ఆరిన ముక్క పనివాడి చేతికి వచ్చిన తరువాత కథ మళ్లీ మొదలవుతుంది. చదరపు ముక్కను ఒకే రోజున క్యూ కొలతకు దింపడు. మూలలు తీసి గుండ్రం చేస్తాడు, వేలాడదీస్తాడు. కొన్ని వారాలకో నెలలకో మళ్లీ తరిమెనకు ఎక్కించి సన్నని పొర తీస్తాడు, మళ్లీ వేలాడదీస్తాడు. పొర తీసినప్పుడల్లా కర్ర లోపలి బిగువు సడలి కొద్దిగా కదులుతుంది. ఆ కదలికను తరువాతి పొరతో సరిచేస్తాడు. కదలడం మానని కర్రను కట్టెల్లో వేస్తాడు. కర్రలను పడుకోబెట్టక నిలువునా వేలాడదీయడం తమ బరువుకు తామే వంగకుండా ఉండడానికి.

జార్జ్ బలబుష్కా పేరు ఈ సందర్భంలో తప్పక వస్తుంది. రష్యాలో 1912లో పుట్టి అమెరికాకు వలస వెళ్లిన ఈ వడ్రంగి 1959లో న్యూయార్కు బ్రూక్లిన్‌లో క్యూలు చేయడం మొదలుపెట్టి, 1975లో మరణించే వరకు అదే పనిలో ఉన్నాడు. ఆయన క్యూలు నేడు సేకరణదారుల సొత్తు. కలప దళారులకు ఆసక్తి కలిగించే విషయం వేరొకటి. తొలినాళ్లలో ఆయన పచ్చి కలప జోలికి పోలేదు. బ్రన్స్‌విక్ కంపెనీ టైట్‌లిస్ట్ పేరిట చేసిన మామూలు క్యూలలోని మొదళ్లను తీసుకుని, వాటిని మళ్లీ తరిమెన పట్టి, జాయింటు పెట్టి, కొత్త క్యూలుగా మలిచాడు. ఆ మొదళ్లలో ముదురు రంగు కర్ర నాలుగు కోణాలుగా మేపుల్ లోకి దిగి ఉండేది. అప్పటికే ఏళ్ల తరబడి ఆరి, కదలవలసినంత కదిలి, ఒక నిలకడకు వచ్చిన కర్ర అది. తరువాత బర్టన్ స్పెయిన్, గస్ జాంబోటీ అనే పనివారి వద్ద కోణాలు దింపిన మొదళ్లు తీసుకున్నాడు. అందరికన్న గొప్ప పేరు తెచ్చుకున్న పనివాడు సైతం ఆరుదల, అతుకు కుదిరిన సరుకును ఇతరుల వద్ద కొనుక్కోవడానికి సిగ్గుపడలేదు.

1986లో విడుదలైన ‘ది కలర్ ఆఫ్ మనీ’ చిత్రంలో బలబుష్కా క్యూ అని చూపినది నిజానికి జాస్ అనే మరో తయారీదారుది. అయినా ఆ చిత్రం తరువాత అమెరికాలో పూల్ ఆటకు, దానితో పాటు మంచి క్యూలకు గిరాకీ పెరిగింది. వెండితెర ప్రచారం సరుకు ధరను ఎంత దూరం లాక్కుపోగలదో దీనిని బట్టి ఊహించవచ్చు.

కోణాలు దింపిన క్యూలో మరో చిక్కు ఉంది. ఎబొనీ, మేపుల్ ఒకే తీరున ముడుచుకోవు. ఒకటి ఆరి, మరొకటి పచ్చిగా ఉండగా అతికితే ఏడాదికి అతుకు దగ్గర వేలికి గీత తగులుతుంది. మెరుగు ఎంత పూసినా అది దాగదు. అందుకే రెండు కర్రలనూ ఒకే గదిలో కొన్నాళ్లు కాపురం చేయించి మరీ అతుకుతారు.

ఏ కర్రకు ఏ గుణం

ఎబొనీకి నలుపే విలువ. తుమికి చెట్టు దీని జాతిదే. బీడీ ఆకు వర్తకులు ఎరిగిన చెట్టుకు ఎబొనీ దాయాది అన్నమాట. క్యూలకు వచ్చేది ఎక్కువగా ఆఫ్రికా ఎబొనీ. నల్లటి నలుపు కోసం చేసిన పట్టుదలకు అడవి చెల్లించిన ఖరీదు పెద్దది. కామెరూన్‌లో పది చెట్లు నరికితే పూర్తి నలుపు ఉన్నది ఒక్కటేనని, చారలున్న తొమ్మిదింటిని అడవిలోనే వదిలేసేవారని టేలర్ గిటార్ల కంపెనీ అధిపతి బాబ్ టేలర్ వెల్లడించారు. 2011లో ఆ కంపెనీ అక్కడి యావుండే నగరంలోని ఎబొనీ మిల్లును భాగస్వామ్యంలో కొని, చారల ఎబొనీని కూడా వాడకంలోకి తెచ్చింది. చారలున్నంత మాత్రాన బలం తగ్గదు. క్యూ కొనేవారిలో నలుపు పిచ్చి ఇంకా పూర్తిగా వదలలేదు గాని, బూడిద రంగు చారల ముక్కను తక్కువ ధరకు కొని మంచి క్యూ చేసేవారికి లోటు లేదు.

కోకోబోలో మెక్సికో నుంచి పనామా వరకు పెరిగే రోజ్‌వుడ్ జాతి కర్ర. కోసినప్పుడు నారింజ, ఎరుపు, నలుపు కలగలిసి ఉంటుంది. వెలుతురు తగిలి క్రమంగా ముదురుతుంది. ఖాతాదారు కొత్త ముక్క రంగు చూసి ఆర్డరిచ్చి, రెండేళ్ల తరువాత రంగు మారిందని తగవు పెట్టిన సందర్భాలు ఉంటాయి. ఈ కర్రలో నూనె ఎక్కువ. జిగురు పట్టదు, అతికే ముందు అసిటోనుతో తుడిచి, ఆరీ ఆరగానే జిగురు పెట్టాలి. పొట్టు ఒంటికి తగిలితే దద్దుర్లు లేస్తాయి. కొందరు పనివారు ఈ కారణంగా కోకోబోలోను ముట్టడమే మానుకున్నారు.

పర్పుల్‌హార్ట్ గయానా, సూరినాం, బ్రెజిల్ ప్రాంతాల కర్ర. కోసినప్పుడు బూడిద గోధుమ రంగు; గాలి, వెలుతురు తగిలి ఊదా అవుతుంది; మరీ ఎండకు పెడితే గోధుమ రంగుకు తిరుగుతుంది. తిన్నని నార, నిలకడ, ధరలో అందుబాటు దీని గుణాలు. అందంలో పేరు రాకపోయినా పనివాడిని ఏడిపించని కర్ర. మెక్సికో నుంచి వచ్చే బొకోటే, జిరికోటే మన నక్కెర చెట్టు జాతివి. చారలు చిత్రలేఖనంలా ఉంటాయి. జిరికోటే ఆరేటప్పుడు చీలడంలో మాత్రం ఎబొనీతో పోటీ పడుతుంది.

స్నేక్‌వుడ్ పాము పొడల వంటి మచ్చలతో అన్నిటికన్న ఖరీదైన వరుసలో ఉంటుంది. చెట్టు సన్నం, చేవ మరీ సన్నం, పొడ ఉన్న చేవ ఇంకా అరుదు. అంత పెట్టి కొన్నా పగలదన్న భరోసా లేదు. మొదలంతా స్నేక్‌వుడ్ కోరేవారికి బరువు పట్టీ మళ్లీ చూపవలసి వస్తుంది.

విదేశీ కలప వరుసలో కాకపోయినా, పక్షి కన్ను మేపుల్‌ను చెప్పక తప్పదు. అమెరికా అడవులదే, మామూలు మేపుల్‌లో అక్కడక్కడ ఒక చెట్టుకు చిన్న చిన్న కన్నుల వంటి సుడులు వస్తాయి. తేలిక, గట్టిదనం, అందం మూడూ కలిసినందున ఎందరో పనివారు పైభాగానికి దీనినే ఎంచుకుని, ఎబొనీని కోణాలకు, అడుగు ముక్కకు పరిమితం చేస్తారు. బరువు లెక్క, సొమ్ము లెక్క రెండూ ఇందులో కుదురుతాయి.

కాగితం లేని కర్ర

పై గుణాలన్నీ కుదిరిన ముక్కను సైతం అమ్మనీయనిది కాగితం. అంతరించే జాతుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒడంబడికలో బ్రెజిల్ రోజ్‌వుడ్ 1992లో మొదటి అనుబంధంలోకి వెళ్లింది. అంటే వాణిజ్య ఎగుమతి దిగుమతులు ఆగిపోయాయి. అంతకు ముందే కోసి, రుజువు ఉన్న పాత సరుకు మాత్రమే సర్టిఫికెట్టుపై సరిహద్దు దాటగలదు. కోకోబోలో 2013లో రెండవ అనుబంధంలో చేరింది. 2017 జనవరి 2 నుంచి రోజ్‌వుడ్ జాతి, అంటే డాల్బెర్జియా యావత్తూ రెండవ అనుబంధం కిందకు వచ్చింది. వ్యాపారం నిషిద్ధం కాదు, పర్మిట్టు తప్పనిసరి. మడగాస్కర్ ఎబొనీకి 2013 నుంచే ఈ కట్టు ఉంది. ఆఫ్రికా పడాక్, మన ఎర్రచందనానికి జ్ఞాతి, 2022 పనామా సమావేశం నిర్ణయంతో ఆ పట్టీలో చేరింది. పట్టీని దాదాపు మూడేళ్లకొకసారి జరిగే సమావేశాల్లో మారుస్తారు గనుక పాత పట్టీ చూసి బేరం కుదుర్చుకోవడం ప్రమాదం.

2019 నవంబరులో ఒక సడలింపు వచ్చింది. ఒక రవాణాలో ఆ జాతి కలప పది కిలోలకు మించని పూర్తి తయారీ వస్తువులకు డాల్బెర్జియా పర్మిట్టు అక్కరలేదు. అర కిలో పైచిలుకు బరువుండే క్యూ దీనికి సరిపోతుంది. కోకోబోలో చదరపు ముక్క మాత్రం పూర్తి వస్తువు కాదు, దానికి పర్మిట్టు కావాలి. బ్రెజిల్ రోజ్‌వుడ్‌కు ఈ సడలింపు వర్తించదు. పాత క్యూలను దేశాంతరం పంపే దళారులు మొదలులో ఉన్నది ఏ రోజ్‌వుడ్ అని తేల్చుకోకుండా బేరం చేయరాదు. వాటిలో ఏనుగు దంతపు తొడుగులు, ఉంగరాలు ఉంటే చిక్కు రెట్టింపు. అమెరికా 2016లో దంతం వ్యాపారాన్ని దాదాపు పూర్తిగా కట్టడి చేసింది.

అమెరికాలో కొనేవాడికి లేసీ చట్టం మరో భయం. 2008 సవరణతో అది కలపకు కూడా వర్తించింది. కలప పుట్టిన దేశపు చట్టాన్ని ఉల్లంఘించి వచ్చిన సరుకును అమెరికాలో కొనడం సైతం నేరం. గిబ్సన్ గిటార్ల కంపెనీపై 2009లో మడగాస్కర్ ఎబొనీ విషయంలో, 2011లో భారతదేశం నుంచి వెళ్లిన ఎబొనీ, రోజ్‌వుడ్ పలకల విషయంలో సోదాలు జరిగాయి. 2012 ఆగస్టులో కుదిరిన ఒప్పందం ప్రకారం కంపెనీ 3 లక్షల డాలర్ల జరిమానా, వన్యప్రాణి సంస్థకు మరో 50 వేల డాలర్లు చెల్లించి, మడగాస్కర్ సరుకును వదులుకుంది. భారతీయ కలప మాత్రం తిరిగి దాని చేతికి వచ్చింది. ఆ వివాదమంతా పలక మందం ఎంత, అది కోత కలపా, తయారీ భాగమా, ఏ సుంకపు పద్దు కింద రాయాలి అన్న ప్రశ్నల చుట్టూ తిరిగింది. ఆ తరువాత అమెరికా ఖరీదుదార్లు చిన్న ముక్కకు కూడా బిల్లు, పుట్టిన దేశం, జాతి పేరు అడుగుతున్నారు. క్యూ పనివారు చిన్నవారైనా ఈ భయానికి అతీతులు కారు.

మన రోజ్‌వుడ్‌కు చోటు

బ్రెజిల్ సరుకు ఆగిన తరువాత గిటార్లలోనూ, క్యూలలోనూ దాని చోటును కొంత మేర భర్తీ చేసింది ఇండియన్ రోజ్‌వుడ్. తెలుగునాట ఇరుగుడు, జిట్రేగి అని పిలిచే చెట్టు ఇదే. బరువులో బ్రెజిల్ కర్రకు దాదాపు సమానం, నిలకడలో పేరున్నది. రంగు కొంత మందంగా ఉంటుందని క్యూ సేకరణదారుల ఫిర్యాదు. కోకోబోలో వంటి నూనె గొడవ తక్కువ.

ఇరుగుడు ముక్కలను చదరాలుగా కోసి అమెరికాకు పంపితే చాలునని భావించే వర్తకుడు తొందరపడరాదు. దుంగలపైనా, కోత కలపపైనా భారత ఎగుమతి విధానంలో చాలాకాలంగా కట్టుబాట్లు ఉన్నాయి. దానిపై సైటిస్ పర్మిట్టు కలుస్తుంది. తయారైన వస్తువుకు దారి సుగమం. ఉత్తరాది శీశం చేతిపనుల ఎగుమతి ఏడాదికి సుమారు 1,000 కోట్ల రూపాయల నుంచి, 2016లో తీసుకున్న జాబితా నిర్ణయం తరువాత 500, 600 కోట్లకు దిగిందని కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రకటించింది. ఆ ఏడు నవంబరులో పనామాలో భారతదేశం కోరగా శీశం విషయమై ఒక వివరణ దొరికింది: ఒక్కొక్క వస్తువులోని కలప పది కిలోల లోపు ఉంటే, ఒకే రవాణాలో ఎన్ని వస్తువులున్నా పర్మిట్టు అక్కరలేదు, తూకంలో లోహం లెక్కకు రాదు.

ఎర్రచందనం విషయంలో ఆశ పెట్టుకోనక్కరలేదు. 1995 నుంచి అది రెండవ అనుబంధంలో ఉంది. శేషాచలం, నల్లమల సరుకుపై కట్టుబాట్లు అందరూ ఎరిగినవే. పైగా క్యూ పనివారు ఆ కర్రను అలవాటుగా అడగరు. ఎరుపు కావాలన్నవారు ఆఫ్రికా పడాక్‌తో సరిపెట్టుకుంటారు.

స్నూకరు క్యూల సంగతి వేరు. 1875లో జబల్పూరులో బ్రిటిష్ సైనికాధికారుల మెస్సులో పుట్టిన ఆ ఆటకు బంతి వైపు యాష్ కర్ర, మొదలుకు ఎబొనీ వాడుక. యాష్ అడవులకు అమెరికాలో 2002లో కనిపించిన పచ్చపురుగు బెడద తోడైంది. మొదలు ఎబొనీకి కాగితాల చిక్కు అక్కడా ఇదే.

ప్రస్తుతానికి క్యూ పనివారి వద్ద ముందుగా అమ్ముడుపోయేవి మైనం గీకివేసి, కొన్న తేదీ, నెలవారీ తూకాలు పెన్సిలుతో పక్కన రాసి, బిల్లు నకలు జత చేసిన ముక్కలు. రంగు కొద్దిగా తక్కువైనా వాటికి బేరమాడేవారు తక్కువ. మైనంతో మెరిసే కొత్త సరుకు, తేదీ లేనిది, తూకానికి వస్తున్నది గాని అరుగు దిగడం లేదు.